ఖడ్గమును, బల్లగుడ్డయు

రష్యాదేశమున వోల్గానదీ తీరమునందు వోల్గోగ్రాడు అను నగరము కలదు. 1925 మొదలు 1961 వరకు దీనికి స్టాలిన్‌గ్రాడు అని పేరు. అచ్చటి యుద్ధప్రదర్శనశాలలో ఇంగ్లాండునుండి వచ్చిన రెండు కానుకలు భద్రపరుపబడియున్నవి. అందొకటి ఖడ్గము. ఇంగ్లాండు రాజు ఆరవ జార్జి స్టాలిన్‌గ్రాడు పౌరుల శౌర్యమునకు మెచ్చి విల్కిన్సను కంపెనీవారిచే దీనిని చేయించెను. 1943 నవంబరు 29వ తేదీన టెహరానులో చర్చిలు దానిని స్టాలినునకు స్వయముగ అందజేయగా, స్టాలిను దానిని ముద్దిడుకొని తన సేనానియగు వొరొషిలోవు చేతికిచ్చెననియు, అతడు జాగ్రత్తచాలక దానిని ఒరనుండి జారవిడిచెననియు చూచినవారు చెప్పిరి. ఆ ఖడ్గమునుగూర్చి నాటి పత్రికలు పేజీలకు పేజీలు వ్రాసినవి.

రెండవ కానుక భోజనపు బల్లపై పరచు గుడ్డ. ఇంగ్లాండునందలి కోవెంట్రీ నగరపు స్త్రీలు 830 మంది పేర్లు దారముతో దానిపై కుట్టబడియున్నవి. పేరొక్కింటికి ఆరు పెన్నీల చొప్పున చందాలు పోగుచేసి, ఆ సొమ్మును ఈ గుడ్డతో గూడ, యుద్ధము జరుగుచుండగనే, స్టాలిన్‌గ్రాడునకు పంపిరి. పెద్ద జాలికంటె చిన్న సాయము మేలు అను భావముగల మాటలు దాని నడుమ కుట్టియున్నవి. రాజు ఖడ్గమునకు జరిగిన సంబరము ఈ బల్లగుడ్డకు జరుగలేదు. అయినను, ఒక దేశపు నగరము మరియొక దేశపు నగరముతో నేస్తముకట్టు ఆచారము నేడు లోకమంతట వ్యాపించియున్నదన్నచో దాని వంశవృక్షమున ఖడ్గము కనబడదు, బల్లగుడ్డయే కనబడును.

ఈ కోవెంట్రీ యెట్టి నగరము? సైకిళ్లకును, మోటారుబండ్లకును, విమానయంత్రములకును పేరుగన్న కార్ఖానాల పట్టణము. 1940 నవంబరు 14వ తేదీ రాత్రి సుమారు 500 జర్మను విమానములు దానిపై విరుచుకొనిపడి తెల్లవారువరకు బాంబులు కురిపించినవి. ఆ ఒక్క రాత్రి 560 మందికి పైగా మృతిచెందిరి. నాలుగువేలకు మించిన ఇండ్లు పాడుపడినవి. అనేక శతాబ్దముల నాటిదగు సెయింటు మైకేలు ప్రధానాలయము కాలిపోయి గోడలును గోపురమును మాత్రము నిలిచినవి. ఒక ఊరిని బొత్తిగ నేలమట్టము చేయుటకు "కోవెంట్రీ చేయుట" యను క్రొత్త క్రియాపదమును జర్మను ప్రచారకులు ఆనాడే సృష్టించిరి. రెండేండ్లు గడువకమున్నే స్టాలిన్‌గ్రాడునకు ఆ గతియే పట్టినది. 1942 ఆగస్టు 23వ తేదీ విమానదాడితో ఆరంభమై, 1943 ఫిబ్రవరి 2న జర్మను సైన్యము లొంగిపోవు వరకు, ఆ నగరమున ఇంటింటను, అంతస్తు అంతస్తునను పోరు సాగినది. ఆ వార్తలు చదివిన కోవెంట్రీ స్త్రీలకు వ్యాఖ్యానము అక్కరలేకపోయినది. తమ పొయ్యిలో పిల్లి లేవని నాడు ఎట్లుండునో వారెరుగుదురు.

1944లో ఈ రెండు నగరములును నేస్తపు నగరములైనవి. అంతకుముందు ఇట్టివి బొత్తిగ లేవని కాదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1920లో ఇంగ్లాండునందలి కీత్‌లీ పట్టణము ఉత్తరఫ్రాన్సునందలి ప్వా-ద్యు-నోర్ అను చిన్న ఊరిని చేపట్టినది. కాని ఈ ఆచారము లోకదృష్టికెక్కినది కోవెంట్రీ స్టాలిన్‌గ్రాడుల వలననే.

ఇచ్చట పేరునుగూర్చి ఒక మాట. ఇంగ్లీషువారు వీనిని కవలపట్టణములందురు. అమెరికావారు సోదరనగరములందురు. మనము "జంటనగరములు" అన్న తోడనే పాఠకునకు హైదరాబాదు సికిందరాబాదులు స్ఫురించును గాని సముద్రములకు ఆవలి ఊరు స్ఫురించదు. హుస్సేనుసాగరపు కట్టకు అటునిటు ఉన్నవానికి జంట యగుటకు ప్రయాసమేమియు లేదు. భాష తెలియని, మతము కలియని, నిన్నటిదాక బాంబులు వేసిన ఊరితో సంబంధము కలుపుకొనుట వేరు. మన భాషలో దానికి సరియైన మాట వియ్యము. లగ్నపత్రికతో వియ్యము పూర్తికాదు. రాకపోకలు, ఇచ్చిపుచ్చుకొనుటలు, అలుకలు, బుజ్జగింపులు అన్నియు నుండవలెను.

కోవెంట్రీ వారికి మిత్రదేశపు నగరముతో కలిపిన వియ్యము సులభమైనదనియు, అసలు పరీక్ష శత్రుదేశపు నగరముతోననియు ఎవరైన అనవచ్చును. అది నిజమే. ఆ పరీక్షకు గూడ వారు నిలిచిరి. దగ్ధమైన ఆలయమునకు అధికారియగు రిచర్డు హోవార్డు 1940 క్రిస్మసు దినమున ఆ శిథిలములనుండియే రేడియోలో మాటలాడుచు, పగతీర్చుకొను తలంపును మనస్సునుండి వెడలగొట్టుడని జనులను కోరెను. ఆనాటికి శవములు పూడ్చి ఆరువారములైన నిండలేదు. ఆ మాటలు విని పండ్లు కొరికినవారు ఎందరో యుండియుందురు, అది మానవసహజము. కాలిన దూలములు రెండింటిని శిలువగా కట్టి అచ్చట నిలిపిరి. 1948లో బలిపీఠము వెనుకటి గోడమీద "తండ్రీ, క్షమింపుము" అను భావముగల రెండే మాటలు చెక్కించిరి. "వారిని క్షమింపుము" అని గ్రంథవాక్యము. హోవార్డు "వారిని" అను మాటను వదలివేసెను. క్షమాపణ అక్కరలేనివారెవ్వరును లేరని ఆయన భావము.

1947లో కోవెంట్రీ జర్మనీలోని కీల్ నగరముతోను, 1959లో డ్రెస్డెనుతోను నేస్తము కలిపినది. ఈ డ్రెస్డెనును 1945 ఫిబ్రవరి 13 మొదలు 15 వరకు బ్రిటిషు అమెరికను విమానములే దహించినవి. మృతులు 25,000 వరకు నుందురని ఆ నగరమువారు నియమించిన చరిత్రకారుల సంఘము 2010లో తేల్చినది. అనగా కోవెంట్రీ మృతులకు నలుబది రెట్లు. తమకు జరిగిన దానిని మాత్రమే తలంచుకొను జాతికి ఈ లెక్క రుచింపదు. కోవెంట్రీ వారు దానిని కప్పిపుచ్చలేదు. 1965లో, డ్రెస్డెను తూర్పుజర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వము క్రింద నుండగా, కోవెంట్రీ ఆలయమువారి పూనికచే బ్రిటిషు యువతీయువకులు అచ్చటికి పోయి, బాంబులచే కూలిన ఒక ఆసుపత్రిని తిరిగి కట్టు పనిలో ఇటుకలు మోసిరి. దానికి కొలదియేండ్లు ముందు జర్మను యువకులు కోవెంట్రీకి వచ్చి శిథిలాలయమున పనిచేసిపోయిరి. కూలికి కాదు.

డ్రెస్డెనులోని ఫ్రావెన్‌కిర్షె యను మహాలయము నలుబదియైదేండ్లకు పైగా రాళ్లకుప్పగా పడియుండి, పిమ్మట మరల కట్టబడి 2005 అక్టోబరు 30వ తేదీన ప్రతిష్ఠింపబడెను. దాని శిఖరముపైని బంగారు శిలువ బ్రిటిషు ప్రజల చందాలతో చేయించినది. చేసినవాడు అలను స్మిత్తు అను లండను స్వర్ణకారుడు. ఈతని తండ్రి 1945లో డ్రెస్డెనుపై బాంబులు వేసిన విమానములలో నొకదానియందు పనిచేసిన సైనికుడు. మహాలయ శిఖరముమీద నేటికిని ఎండకు మెరయుచున్న ఆ శిలువను చూచి రాయబారులు వ్రాసికొను సంధిపత్రములెట్టివో పాఠకులే తూచుకొందురు గాక.

ఫ్రాన్సునుగూర్చి చెప్పక విడువరాదు. మోంబెల్యార్ అను పట్టణమునకు యుద్ధానంతరము లూసియన్ తరాదాఁ అనునతడు మేయరుగ నుండెను. జర్మనుల ఆక్రమణకాలమున రహస్యప్రతిఘటనలో చేరి, పట్టుబడి, బూఖెన్‌వాల్డు నిర్బంధశిబిరమున నరకమనుభవించి బ్రతికి బయటపడినవాడు. జర్మను అను మాట వినిన ఛీకొట్టుటకు హక్కు ఎవ్వరికైన నున్నచో ఈయనకుండెను. అట్టివాడు 1950లో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గు నగరముతో నేస్తము కలుపుకొనెను. ఫ్రెంచి జర్మను పట్టణముల నడుమ ఇదియే మొదటిది. రెండు దేశముల ప్రభుత్వములు మైత్రీసంధిపై చేవ్రాలు చేసినది 1963 జనవరి 22వ తేదీన. ఊళ్లు ముందు నడచినవి. రాజ్యములు పదమూడేండ్లకు వెనుక వచ్చినవి. నేడు ఆ రెండు దేశముల నడుమ ఇట్టి నేస్తములు రెండువేలకు పైబడియున్నవి. వీనిలో పెద్దనగరములకంటె చిన్న ఊళ్లే యెక్కువ. ఈ ఊరి పిల్లలు ఆ ఊరి ఇండ్లలో రెండు వారములుండి, వారి రొట్టె తిని, వారి మాట నేర్చుకొని వత్తురు. మరుసటి యేడు వారు వీరి యిండ్లకు వత్తురు. డెబ్బదియేండ్లలో మూడు యుద్ధములు చేసికొన్న ఈ రెండు జాతులు మరల యుద్ధము చేయునను మాట నేడు ఫ్రాన్సున హాస్యమునకైన ఎవ్వరును అనరు. అందుకు ఇంకను పెద్ద కారణములు కలవు, బొగ్గు, ఉక్కుల ఒప్పందములు కలవు, అది అంగీకరింపవలసినదే. కాని ఒప్పందములు వ్రాసినవారికి ఓట్లు వేసినది ఈ పిల్లల తల్లిదండ్రులే.

అమెరికాలో ఈ పని పైనుండి దిగినది. 1955 డిసెంబరు 7వ తేదీన మిన్నెసోటాలోని సెయింటు పాల్ నగరము నాగసాకితో నేస్తము కట్టినది. అది పెర్ల్ హార్బరు దాడి జరిగిన దినము. ఆ తేదీని కోరియే యెన్నుకొనిరి. మరుసటి సంవత్సరము అధ్యక్షుడు ఐసెన్‌హోవరు దీనిని దేశవ్యాప్తమైన ఉద్యమముగ చేసెను. సోవియటురష్యాతో శీతలయుద్ధము ముదిరిన కాలమది; అందు రాజకీయ మేమియు లేదని నమ్మువాడు అమాయకుడు. అయినను రాజకీయముతో నాటిన చెట్టు నీడ నీయదని నియమము లేదు.

ఇక రెండవవైపు చూతము. ఈ నేస్తముల పేర పన్నులు కట్టువారి సొమ్ముతో మేయర్లును, సభ్యులును సకుటుంబముగ విదేశములు తిరిగివచ్చుట అన్ని దేశములందును గలదు. తాళపుచెవుల అందజేతలు, శాలువలు, విందులు, ఫొటోలు, శిలాఫలకము, అంతటితో సరి. ఇంగ్లాండులోనే కొన్ని పురపాలకసంఘములు ఖర్చు దండుగయని నేస్తములను త్రెంచుకొన్నవి. పౌరులనుండి ఒక్క అభ్యంతరమైన రాని చోట త్రెంచుకొనుటయే మంచిది.

పౌరులు కలిసిన చోట కథ వేరు. ఒసాకా నగరమునకును శాన్‌ఫ్రాన్సిస్కోకును 1957 నుండి నేస్తము కలదు. యుద్ధకాలమున జపాను సైన్యమువారు చెరబట్టిన స్త్రీల స్మారకముగ శాన్‌ఫ్రాన్సిస్కోలో 2017లో విగ్రహము నిలుపగా, ఒసాకా మేయరు కోపించి 2018లో నేస్తమును రద్దుచేసితినని వ్రాసెను. రెండు నగరముల ప్రజల నడుమనున్న బంధమును ఒక్క మేయరు రద్దుచేయజాలడని శాన్‌ఫ్రాన్సిస్కో మేయరు బదులుచెప్పెను. చమత్కారపు మాటవలె దోచును గాని, న్యాయము సరిగ నిట్లే యున్నది. అరువదియేండ్లలో అచ్చటి బిడ్డ ఇచ్చట చదివి, ఇచ్చటి వాడు అచ్చట పనిచేసి యుండగా, వీరి పరిచయమును కొట్టివేయుటకు ఏ పురపాలక తీర్మానమునకు శక్తి గలదు?

కష్టతరమైన ప్రశ్న కోవెంట్రీకే యెదురైనది. 2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సైన్యము ఉక్రెయినుపై దండెత్తెను. మేరియుపోలు నగరము ఇంచుమించు స్టాలిన్‌గ్రాడువలెనే ధ్వంసమైనది. ఈమారు బాంబులు రష్యావి. ఆ యేడే కోవెంట్రీ నగరసభ వోల్గోగ్రాడుతోడి సంబంధమును నిలిపివేసెను. ఏడుపదులయేండ్లకు మించిన నేస్తమది. వారు చేసినది తప్పని మేమనజాలము. బాంబుల బాధ తెలిసిన ఊరు బాంబులు వేయు రాజ్యము పతాకముతో ఒకే వేదికపై నిలువజాలదు. కాని వోల్గోగ్రాడు ముసలమ్మ ఈ యుద్ధము నారంభింపలేదు. సోవియటు కాలమునను, తరువాతను ఆమెకు ప్రభుత్వమును మార్చు స్వాతంత్ర్యమును లేదు. కావుననే సభల నడుమ సంబంధమును నిలిపివేయుట వేరు, మనుష్యుల నడుమ ఉత్తరములను నిలిపివేయుట వేరు అని మేము తలంచుచున్నాము. అదే సంవత్సరమున జర్మనీలోని ఫ్రైబర్గు నగరము, 1989 నుండి తనకు నేస్తమైన ఉక్రెయినునందలి ల్వీవునకు మందులు, వస్తువులు లారీలపై పంపసాగెను. ఎవరికి పంపవలయును, ఏది కావలయును అని విచారించుకొను పని లేకపోయెను. ముప్పదియేండ్ల ముఖపరిచయ ముండెను గదా.

ఈ విషయమున మనకు సంబంధమేమి యని తెలుగుపాఠకుడు అడుగవచ్చును. కలదు. వోల్గోగ్రాడునకు మదరాసు 1960ల దశకము నుండి నేస్తపునగరము. ఆ మదరాసు తెలుగువారికి ఒకప్పుడు ఎట్టి నగరమో వేరుగ చెప్పనక్కరలేదు. 2015 మే నెలలో భారత ప్రధానమంత్రి చైనాకు పోయినపుడు, హైదరాబాదునకును చైనాలోని చింగ్‌దావ్ అను రేవుపట్టణమునకును సోదరనగర సంబంధము వ్రాతమూలకముగ జరిగినది. అయిదేండ్లు తిరిగినవి. 2020 జూన్ 15వ తేదీ రాత్రి లడఖునందలి గల్వాను లోయలో చైనా సైనికులతో పెనగులాడి మన సైనికులు 20 మంది మరణించిరి. వారికి నాయకుడై పోరి మరణించినవాడు కర్నలు సంతోష్‌బాబు, సూర్యాపేట వాస్తవ్యుడు. హైదరాబాదునుండి సూర్యాపేట నాలుగు గంటల దారియైన లేదు.

ఆ దినములలో మన పౌరులలో ఎవ్వరైన చింగ్‌దావ్ పేరు తలంచిరా? దానితో సంబంధమును త్రెంచుమని గాని, త్రెంచవలదని గాని ఒక్క ఊరేగింపైన జరిగినదా? కోవెంట్రీలో 2022లో త్రెంచుటకు ఏదో యుండినది. అందుకే బాధ కలిగినది. మనకు బాధయైన కలుగలేదు. ప్రభువుల పర్యటనలో వ్రాసికొన్న పత్రము పర్యటనతోడనే ముగిసినదని దీని యర్థము. ఇందుకు చైనావారిని నిందింపబనిలేదు.

విజయవాడ సంగతి ఇంతకంటె చింతనీయము, ఏలయన ఇందు అవకాశ మధికము. కాలిఫోర్నియాలోని మోడెస్టో నగరము విజయవాడకు సోదరనగరము. ఈ మాట బెజవాడ గవర్నరుపేటలో నడచుచున్న పదిమందిని నిలిపి అడిగిన ఎందరికి తెలియును? మోడెస్టో చిన్న నగరము. జనసంఖ్య రెండులక్షలకు కొంచెము పైన. కాని మన డెల్టారైతునకు దానికంటె దగ్గరచుట్టము అమెరికాలో దొరకుట కష్టము. అది కాలువలమీద బ్రతికిన ఊరు. టువోలమీ నదిపై 1893లో ఆనకట్ట కట్టి, కాలువలు త్రవ్వి, గోధుమ తప్ప వేరొకటి యెరుగని మెరకనేలలను బాదము, ద్రాక్ష, పీచిపండ్ల తోటలుగ మార్చుకొన్నారు. నగరద్వారమున 1912లో కట్టిన కమానుమీద నాలుగు మాటలున్నవి: నీరు, సంపద, తృప్తి, ఆరోగ్యము. మొదటిది నీరే.

అచ్చటి పద్ధతియే మనవారు చూడదగినది. 1887లో కాలిఫోర్నియా శాసనసభ చేసిన చట్టము ప్రకారము, ఒక ప్రాంతపువారు తామే సాగునీటి సంఘముగ నేర్పడి, తమపై తాము పన్ను వేసికొని, ఋణపత్రములు అమ్మి, ఆనకట్టలు, కాలువలు కట్టుకొనవచ్చును. ఈ చట్టమును ప్రతిపాదించిన రైట్ అనునతడు మోడెస్టో వకీలే. పెద్ద భూస్వాములు దీనికి అడ్డుతగిలి వ్యాజ్యములాడిరి. 1896లో అమెరికా ఉన్నతన్యాయస్థానము చట్టము చెల్లునని తీర్పుచెప్పెను. ఆ సంఘము నేటికిని ఓటర్లు ఎన్నుకొన్న అయిదుగురు డైరెక్టర్లచే నడుపబడుచున్నది. నీటితోబాటు విద్యుత్తును గూడ అమ్ముచున్నది. మనకు కృష్ణ ఆనకట్ట 1855 నాటికే వచ్చినది. 1952లో దానికి గండిపడగా, 1957 నాటికి ప్రకాశము బ్యారేజి పూర్తియైనది. కట్టడములలో మనము వెనుకబడినవారము కాము. 1997 చట్టముతో నీటిసంఘములకు ఎన్నికలును వచ్చినవి. అయినను కాలువ శివారు భూములకు నీరందక, ఎగువరైతు తూము పగులగొట్టెనని దిగువరైతు, లస్కరు కనబడలేదని ఇద్దరును తగవులాడుట ఏటేట చూచుచున్నదే. నూటముప్పదియేండ్లుగ తమ కాలువల లెక్క తామే చూచుకొనుచున్నవారు దూరపు శివారునకు నీరెట్లు కొలిచి యిచ్చుచున్నారో, పన్నెట్లు వసూలు చేయుచున్నారో, మాట వినని పెద్దరైతునెట్లు దారికి తెచ్చుచున్నారో పోయి చూచివచ్చుటకు ఈ సంబంధము తలుపు తెరచియున్నది. మన మాగాణి సేద్యమున వారు నేర్చుకొనవలసినదియు నుండును.

మొదట పోవలసినవాడు మేయరు కాడు. ఒక నీటిసంఘాధ్యక్షుడు, ఒక లస్కరు, కాలువ శివారున అయిదెకరములు సేద్యము చేయు రైతొకడు, వారితోకూడ మాటలు విడమరచి చెప్పుటకు కళాశాల విద్యార్థిని యొకతె చాలును. వారు మోడెస్టోలో హోటలులో గాక రైతుల ఇండ్లలో దిగవలయును. మరుసటి యేడు ఆ యింటివారు వచ్చి దివిసీమలోనో, గుడివాడ ప్రాంతముననో వీరి అరుగులపై కూర్చుండవలయును. పురపాలకసంఘము దీనికై పెద్దపద్దు వ్రాయ నక్కరలేదు. వేసవిలో మన కృష్ణాకాలువలు కట్టివేయుదురు. లస్కరులకును, రైతులకును కొంత తీరిక చిక్కును. మోడెస్టోలో మార్చి మొదలు అక్టోబరు వరకు కాలువలు పారును. మనకు తీరిక దొరకు ఏప్రిలు, మే నెలలే అచ్చట తోటలకు నీరు పారు కాలము.